పురుగు ముట్టని జొన్నలు

మా వీధి చివర బడిలో పిల్లలకు పురుగుల గురించి చెబుతున్నామని, పెద్దవారు మీరూ వచ్చి నాలుగు మాటలు చెప్పాలని టీచరమ్మ మొన్న ఇంటికొచ్చి పిలిచింది. పోయాను. పిల్లలందరినీ బడి వెనుక బీడులోకి తీసుకుపోయింది. ఒక్కొక్కరి చేతిలో మూతపెట్టే ప్లాస్టిక్ డబ్బా, గుంపుకొక భూతద్దం. గంటసేపు వెతికితే ముప్పైమంది పిల్లలకు దొరికినవి కొన్ని చీమలు, ఒక మిడత, ఒక సాలీడు. సాలీడు పురుగుల్లోకి రాదని టీచరమ్మ దాన్ని కూడా తీసేసింది. మిగతా పురుగులన్నీ ఫోన్‌లో చూపించింది.

మిడత దొరికిన పిల్లవాడు డబ్బాను నా ముక్కు దగ్గరికి తెచ్చి, "తాతా, ఇది మంచిదా, చెడ్డదా?" అన్నాడు. వాడి చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద రెండు గళ్ళు గీసి ఉన్నాయి. ఒకటి మిత్రులకు, ఇంకొకటి శత్రువులకు. మిడత పేరు ఏదో ఒక గడిలో రాయాలి. రాస్తేనే మార్కు.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లవాడి మీద కాదు. "నాకు తెల్వదు పో" అని కర్ర పట్టుకొని వచ్చేశాను. ముసలాయనకు బుద్ధి స్థిరం లేదని టీచరమ్మ అనుకునే ఉంటుంది. అనుకోనీ. నా పదో ఏట ఇదే ప్రశ్నకు నేను బడిలో నిలబడి గట్టిగా జవాబు చెప్పాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

మాది దేవరకొండకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణమంత దూరంలోని పల్లె. అన్నీ చెలకలు. జొన్న, ఆముదం, ఉలవ. వాన పడితే పంట, పడకుంటే గొర్రెలే దిక్కు. గడ్డి ఎండిపోగానే, బాపు అని పిలిచే మా నాన్న మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. మళ్ళీ మిరుగు కార్తెలో వాన పడ్డాకే ఇంటి మొహం చూడడం. ఆ నాలుగు నెలలు ఇంట్లో మిగిలేది అవ్వ, అంటే బాపు తల్లి, అమ్మ, నేను, నాలుగేళ్ళ చెల్లె.

అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ పురుగుల సంగతిలో ఆమెను మించిన పంతులును నేను ఇంతవరకు చూడలేదు. చీమలు గుడ్లు కరుచుకొని గోడ ఎక్కుతుంటే ఆరబెట్టిన పిడకలు లోపల వేయమనేది. గొర్రెల దొడ్డి దగ్గర పేడపురుగు తనకంటే పెద్ద ఉండను వెనుక కాళ్ళతో నెట్టుకుంటూ పోతుంటే, నెత్తిమీద గంపతో ఉన్నా సరే ఆగి దారి ఇచ్చేది. "జరుగు కొడుకా, పెద్దరైతు పోతాండు. మన చెలకకు ఎరువు మోసేది నువ్వా, వాడా?"

తొలివాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచేవి. గంపెడు పట్టుకొచ్చి మట్టి మంగలంలో వేయించి, చేటలో రెక్కలు చెరిగి, జొన్నపేలాలు కలిపి పెట్టేది. పల్లీలు వేగిన వాసన, దానికింద తడిమట్టి వాసన. ఇప్పుడు చెబితే మా మనుమలు "ఛీ" అంటారు. అవ్వ పుట్టకు ఒకవైపే గంప బోర్లించేది, రెండోవైపు వదిలేసేది. అటు కూడా మూద్దామని నేను గుంజులాడితే, "అన్నీ నువ్వే బుక్కుతే రేపు పుట్టల ఎవలుంటరు? పిట్టలేం తినాలె, నీ తలకాయా?" అనేది.

ఒకసారి తూనీగ తోకకు దారం కట్టి ఎగరేశాను. అవ్వ కొట్టలేదు. నా మొలతాడుకు గొర్రెను కట్టే తాడు ముడివేసి, రెండో కొస నులకమంచం కోడుకు కట్టింది. మధ్యాహ్నమంతా అట్లాగే ఉంచింది. దారిన పోయేవాళ్ళు, "ఏందే ముసల్దానా, మనుమణ్ని అమ్ముతున్నవా?" అని నవ్వారు. "కాదు, ఎగిరిస్తున్న" అంది. చెల్లె నా ముందు కూర్చొని గడ్డి తెచ్చి నోటికి అందించింది. ఆ పిల్లకు అదొక పండుగ.

యాసంగి జొన్నలు ఇంటికొచ్చాక అవ్వ చేసే పని ఒకటుంది. పిడకల బూడిద జల్లెడపట్టి, ఎండిన వేపాకు నలిపి, గింజల్లో కలిపి గుమ్మికి ఎత్తేది. గుమ్మి అంటే పుల్లలతో అల్లి, పేడతో అలికిన మనిషెత్తు బుట్ట. నెలకోసారి జొన్నలు వాకిట్లో ఎండకు పోసేది. ఎండ తగలగానే ముక్కు పురుగులు బిలబిలమంటూ బయటికొచ్చి అంచులకు నడిచేవి. కొన్నిటిని కోళ్ళు తినేవి, కొన్ని గోడ సందుల్లో చేరేవి. తొక్కనిచ్చేది కాదు. "పిట్ట పాలు, పురుగు పాలు పోంగ మిగిలిందే మన పాలు" అనేది. వండేముందు కడిగితే బూడిద పోయేది, తాలు పోయేది. జొన్నరవ్వతో వండే గటకలో ఏదైనా చిన్న చేదు తగిలితే వేపాకే అనుకొని మింగేవాళ్ళం.

చెల్లెకు ఆ ముక్కు పురుగులే ఆట. వాటికి ముందు ముక్కు పొడుగ్గా సాగి ఉంటుంది కదా, వాటిని ముక్కోళ్ళు అనేది. వేలు మీద ఎక్కించుకొని మోచేతి దాకా నడిపించేది. వేలితో తాకితే అవి కాళ్ళు ముడుచుకొని చచ్చినట్టు పడుకుంటాయి. కాసేపటికి లేచి నడుస్తాయి. "పన్నరు, పన్నరు... లేసిన్రు!" అని ఎగిరి చప్పట్లు కొట్టేది. ఈ ఆట రోజుకు ఎన్నిసార్లు ఆడినా ఆ పిల్లకు విసుగు లేదు.

ఆ ఏడు ఉగాది దాటాక మా బడికి సైకిలు మీద ఒకాయన వచ్చాడు. పిల్లలం ఆయనకు మందు సారు అని పేరు పెట్టుకున్నాం. తెల్ల అంగీ, జేబులో రెండు పెన్నులు. మాట్లాడితే పుస్తకం చదివినట్టుండేది. గోడకు గుడ్డ పటం ఒకటి వేలాడదీశాడు. దాని మీద పన్నెండు పురుగుల బొమ్మలు, పిల్లికూనలంత పెద్దవి. ప్రతిదాని మీద ఎర్రరంగుతో కొట్టివేత గుర్తు.

"ముక్కు పురుగు ఏం తింటుంది?"

"గింజలు సార్!"

"గింజలు ఎవరివి?"

"మనయి సార్!"

"మరి తింటుంటే చూస్తూ ఊరుకుందామా?"

"ఊకోం సార్!"

బడి పైకప్పు ఎగిరిపోయేలా అరిచాం. ఆ ఊపులో నేను లేచి, "సార్, పురుగు పాలు గూడ ఉంటదని మా అవ్వ అంటది" అన్నాను. ఎందుకన్నానో, గొప్పకే అన్నాను. ఆయన నవ్వాడు. "మీ అవ్వ ఏ బడిలో చదివింది నాయనా?" అన్నాడు. పిల్లలంతా విరగబడి నవ్వారు. మా బడి సారు కూడా నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. అవ్వ మీద నాకు సిగ్గు పుట్టింది ఆ రోజే. ఆ సిగ్గును మాత్రం ఇప్పటికీ నేను మన్నించుకోలేదు.

మర్నాడు పన్నెండు పురుగుల పేర్లు, అవి చేసే నష్టాలు ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పాను. చివర, "పురుగు మంచిదా, చెడ్డదా?" అని మందు సారు అడిగాడు. "చెడ్డది సార్! మన శత్రువు సార్!" చప్పట్లు కొట్టించాడు. బహుమతిగా దళసరి కాగితం సంచి ఒకటి ఇచ్చాడు. అందులో రెండు శేర్ల పొడి. బూడిదరంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలాకాలం మూసి ఉన్న కొట్టం తలుపు తీసినట్టు ముక్కవాసన. సంచి మీద కాళ్ళు పైకెత్తి చచ్చిన పురుగు బొమ్మ, దానికింద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. మా ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగిన మనిషి అప్పటికి పుట్టలేదు. బడి సారు ఉర్దూ, తెలుగు చదివినవాడు.

మందు సారు సైకిలు ఎక్కుతుంటే వెనుక పరుగెత్తాను. "జొన్నల్ల గూడ కలపొచ్చా సార్?" అని అడిగాను. "పురుగున్న చోటల్లా చల్లండి" అన్నాడు.

ఆయన ఆ మాట అన్నాడు. అన్నాడనే నా నమ్మకం. కానీ నేను జొన్నల సంగతి నిజంగా అడిగానా, లేక అడిగానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నానా? చిన్ననాటి ప్రతి వాసనా గుర్తున్న నాకు ఈ ఒక్క మాట దగ్గర మాత్రం జ్ఞాపకం తడబడుతుంది. అరవై ఏళ్ళుగా దీన్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాను.

ఇంటికొచ్చి అమ్మ చేతిలో సంచి పెట్టి, పాఠం మొత్తం మళ్ళీ చెప్పాను. ముందటి ఏడు గుమ్మి అడుగున జొన్నలు సగం పిండి అయిపోయి అమ్మ ఏడ్చింది. అందుకే ఆశగా విన్నది. ఆ ఏడు బూడిద కలిపే పని ఇంకా కాలేదు.

అవ్వ చిటికెడు పొడి తీసి వాసన చూసి, చేయి గోడకు రుద్దుకుంది. "ఏందే ఇది?"

"పురుగుల మందంట అత్తా. సర్కారోళ్ళు ఇచ్చిన్రు. వీడు పాఠం మంచిగ జెప్పిండని ఇచ్చిన్రు."

"పురుగు తినని గింజ మనిషెట్ల తింటడే?"

"నువ్వు బూడిది కలుపుతలేవా? ఇది గూడ బూడిది లెక్కనే ఉన్నది. కడుక్కొని తింటం గదా."

"బూడిదికి పురుగు ఎల్లిపోతది. సావది. దీనికి సస్తదంటున్నవు. అది యాదుంచుకో."

నేను మధ్యలో దూరాను. "నీకేం తెల్వదు ఊకో అవ్వా. నువ్వేమన్న బడికి పోయినవా?"

అవ్వ నా మొహం వంక చూసింది. కొంగు దులుపుకొని లోపలికి పోయి, తన తైదల కుండ, తైదలంటే రాగులు, ఎత్తి పొయ్యికి దూరంగా అటుక మీద పెట్టుకుంది. అమ్మా నేనూ ఆ పొడిని జొన్నల్లో కలిపి గుమ్మికి ఎత్తాం. ఆ రోజు నుంచి అవ్వ తైదల జావే తాగింది. మా గటక ముట్టలేదు. మొండి ముసల్దని అమ్మ అలిగింది. నేను అమ్మ పక్షం.

మూడో రోజు గుమ్మి దగ్గర చెల్లె ఏడుపు వినబడింది. పోయి చూస్తే అరచేతి నిండా ముక్కు పురుగులు పోసుకొని కూర్చుంది.

"అన్నా, ముక్కోళ్ళు లేస్తలేరు."

"సచ్చినయే పిచ్చిదానా. మందేసినం."

"లేస్తలేరన్నా. ఎందుకు లేస్తలేరు?"

నేను నవ్వాను. మందు సారు నవ్వినట్టే నవ్వాను.

తర్వాత గుమ్మి కింద రాలిన గింజలు ఏరుకునే కోళ్ళు ఒకటొకటే మెడలు వాల్చి, గిరగిర తిరిగి పడిపోయాయి. ఎండాకాలం కదా, కొక్కెర రోగమన్నారు ఊరివాళ్ళు. ఆ ఏడు ఇంకెవరి ఇంట్లోనూ కోళ్ళు చావలేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

అమ్మ జొన్నలను మూడు నీళ్ళు కడిగేది, ఐదు నీళ్ళు కడిగేది. అయినా గటకలోంచి ఆ ముక్కవాసన పోయేది కాదు. చింతకాయ తొక్కు ఎక్కువ వేసుకొని తిన్నాం. నాకు అప్పుడప్పుడు కళ్ళు తిరిగేవి, అమ్మకు చేతులు తిమ్మిరెక్కేవి. ఎండ దెబ్బ అనుకున్నాం. రోహిణి కార్తె నాటికి చెల్లె చేతిలో నీళ్ళ చెంబు నిలవకుండా అయింది. వేళ్ళు వణికేవి. "ముసలవ్వ లెక్క వణుకుతున్నవేందే" అని వెక్కిరించాను. నవ్వింది. నన్ను చూసి ఇంకొంచెం కావాలనే వణికి చూపించింది.

ఒక మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఆడుకుంటూ అట్లాగే వెనక్కి పడిపోయింది. పళ్ళు గిట్టకరిచాయి, కాళ్ళుచేతులు కొట్టుకున్నాయి. అమ్మ కేకలకు వాడకట్టంతా వచ్చింది. గాలి సోకిందని ఒకరు, ఆరె చెట్టు కింద ఆడుకున్నదా అని ఇంకొకరు. గుప్పిట్లో ఇనుప తాళంచెవి పెట్టారు. ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టారు. కాసేపటికి కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలైతాంది" అంది.

బిడ్డకు బలం రావాలని అమ్మ జొన్న అంబలి కాచి తాగించింది.

సాయంత్రానికి మళ్ళీ అదే. తేరుకోగానే మళ్ళీ అంబలి. మర్నాడు రెండుసార్లు. ప్రతిసారీ బిడ్డ తేరుకోవడం, ప్రతిసారీ అమ్మ గిన్నె పట్టుకొని కూర్చోవడం. "ఇంకో బుక్క బిడ్డా, నా తల్లి గదూ, ఇంకొక్క బుక్క." ఆ బతిమాలే గొంతు నాకిప్పటికీ వినబడుతుంది. రాయాలంటే చేయి రావడం లేదు, కానీ రాయకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. గిన్నె పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అమ్మ అలసిపోతే నేను తాగించాను.

మూడో రోజు పొద్దున అవ్వ పెరట్లోకి పోయి, కోళ్ళను పాతిపెట్టిన చోట నిలబడింది. గబగబా తిరిగొచ్చి అమ్మ చేతిలో గిన్నె గుంజుకొని వాకిట్లోకి విసిరికొట్టింది. "కోళ్ళు గిట్లనే గదనే పన్నయి! గిట్లనే తిరిగి పన్నయి! బండి కట్టియ్యి, దవాఖానకు తీస్కపోదాం!"

అమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె నోట్లోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు.

బండి కట్టేసరికి ఎండ ముదిరింది. చెల్లె అవ్వ ఒళ్ళో, నేను బండి తోక దగ్గర. దారి పొడుగునా అవ్వ తడిగుడ్డతో ఆ చిన్న పెదాలు తుడుస్తూనే ఉంది. దేవరకొండ ఖిల్లా గోడలు దూరంగా కనబడేసరికి చెల్లె అవ్వ చేతిని గట్టిగా పట్టుకొని వదిలేసింది. అవ్వ బండివాడితో, "నిమ్మళంగ పోనియ్యి. ఇగ ఉరుకుడు అవసరం లేదు" అంది. అమ్మ మాత్రం దవాఖాన దాకా పోవాల్సిందేనని పట్టుబట్టింది. అక్కడ డాక్టరు చూసి ఫిట్స్ అన్నాడు. ఏం తిన్నదని అడగలేదు. పొడి సంగతి అవ్వ చెప్పబోతే, మూఢనమ్మకాలు మానండమ్మా అన్నాడు. వేపకొమ్మలు తెచ్చే ముసలివాళ్ళను చూసి చూసి, ఇదీ అట్లాంటిదేననుకున్నాడేమో.

బాపు కబురు అంది వచ్చేసరికి మట్టి చేసి వారమైంది. నన్నేమీ అడగలేదు. అమ్మనూ అడగలేదు. గుమ్మిలోని జొన్నలను చెలక మూలకు గంపలతో మోసుకుపోయి, గొయ్యి తవ్వి అన్నీ పోసి పూడ్చాడు. అవ్వ కుండలోని తైదలు తప్ప ఆ ఏడు మాకున్న తిండి అంతా అదే. మిరుగు వాన పడ్డాక ఊరంతా ఉసిళ్ళు వేయించుకున్నారు, మా ఇంట్లో అవే మూడు పూటలా కూడు అయ్యాయి. పూడ్చిన ఆ చోట రెండేళ్ళు చీమ తిరగలేదు. నేను పోయి చూసేవాణ్ణి. ఒక్కటీ లేదు.

బడికి పోనన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మందను కాయడానికి బాపు వెంట పోయాను. కానీ ఆ కాగితం సంచిని మడిచి నా గొంగడి మడతలో దాచుకున్నాను. ఆ ఎర్ర అక్షరాలు ఏమంటున్నాయో నాకు కావాలి. ఒకరిని అడిగితే చదివి చెప్పేవారేమో. అడగలేదు. నా అంతట నేనే చదవాలనుకున్నాను. అదొక మొక్కు. కట్టంగూరు దారి మైలురాళ్ళ మీద, లారీల వెనుక, పొట్లం కాగితాల మీద ఒక్కొక్క అక్షరం కూడబెట్టుకున్నాను. సంతలో పాత నిఘంటువు ఒకటి దొరికింది, అట్ట లేదు. ఎనిమిదేళ్ళు పట్టింది. ఒకరోజు గుట్ట మీద గొర్రెలు మేస్తుంటే సంచి విప్పి, ఎర్ర అక్షరాల చివరి వరుస మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చదివాను. ఇంగ్లీషులో నేను సొంతంగా చదివిన మొదటి పూర్తి వాక్యం అది. తిండి వస్తువులకు, పశువుల దాణాకు, పిల్లలకు దూరంగా ఉంచవలెను.

ఆనాడు మా ఊరికి మందు వచ్చింది. మందు మీది మాట రాలేదు. ఇప్పుడు గొప్ప గొప్పవాళ్ళు పేపర్లలో రాస్తారు, పల్లెజనానికి అవగాహన లేక ప్రాణాలు పోగొట్టుకున్నారని. చదివినప్పుడల్లా పేపరు చించి పారేస్తాను. అవగాహన ఉన్న మనిషి మా ఇంట్లో ఉంది. ఏ బడిలో చదివావని నవ్వి ఆమె నోరు మూయించాం.

ఇప్పుడు నా మంచం కింద ఒక గాజు సీసా ఉంటుంది. అందులో గుప్పెడు జొన్నలు, ముక్కు పురుగులు. ఇంటికి కొత్త బియ్యం బస్తా వస్తే, పిడికెడు తీసి గిన్నెలో పోసి, వాటిలో కొన్నిటిని వదిలి ఎనిమిది రోజులు చూస్తాను. అవి తిరుగుతుంటేనే బస్తా విప్పనిస్తాను. కోడలు మొదట్లో, "ఏంది మామా, మనుమండ్లకంటె ముందు నీ పురుగులకే ఇస్తారి వేస్తవా?" అని నవ్వేది. "అవు బిడ్డా, ముందు వాటికే" అనేవాణ్ణి.

పోయిన వానాకాలం ఒక బస్తా బియ్యంలో వదిలినవి మూడో రోజుకే కాళ్ళు ముడుచుకొని పడ్డాయి. ఆ రోజు కోడలు నవ్వలేదు. కొడుకు బస్తాను దుకాణంలో ఇచ్చేసి వేరేది తెచ్చాడు. ఆ పాత బస్తా ఏమైందని మర్నాడు నేనే పోయి అడిగాను. "అమ్ముడువోయింది పెద్దయ్యా" అన్నాడు దుకాణాయన. ఎవరు కొన్నారో ఆయనకు గుర్తులేదు.

రేపు సీసా పట్టుకొని మళ్ళీ బడికి పోతాను. టీచరమ్మ రానిస్తే, మిడతను పట్టిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, వేలు మీద ఒక ముక్కు పురుగును ఎక్కిస్తాను. రెండు గళ్ళలో ఏ గడిలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదని చెబుతాను. నాకు పురుగుల పాఠం చెప్పినవాళ్ళలో అందరికంటే చిన్నదానికి నాలుగేళ్ళు. మంచిదా చెడ్డదా అని ఆమె ఒక్కనాడూ అడగలేదు. ఎందుకు లేస్తలేరని అడిగింది.